చివరి చేను పండేదాకా

నమోదు 112

పొద్దున్నే మిల్లు పైకప్పెక్కి సోలార్ పలకలు తుడిచాను. ఇంకెక్కడా చోటు లేనట్టు ఈ కోతులు సరిగ్గా వాటి మీదే కూర్చుని జామకాయలు తింటాయి. పలకలు మురికిపడితే మిల్లు మూలుగుతుంది, మిల్లు మూలిగితే దాన్ని నడిపే బుద్రి అప్ప నన్ను పట్టుకుని ఆ పూటంతా సణుగుతుంది.

ఆ పనయ్యాక షావుకారు ముందు కూర్చున్నాను. షావుకారంటే మనిషి కాదు, ప్రభుత్వం తరఫున సరుకు కొనే యంత్రం. పప్పుల దగ్గర్నుంచి పడవ మేకుల దాకా సర్కారు కొనేదంతా ఇప్పుడు అదే కొంటుంది. మిల్లు గోడకి దాని పెట్టె ఒకటి తగిలించారు. చూడ్డానికి ఒక కన్ను, మాట్లాడ్డానికి ఒక గొంతు. పూర్వం సంతల్లో దొంగ కొలతలతో కొండవాళ్లని ముంచిన షావుకార్ల కథలు ఈ పనసగొందిలో ఇంకా చెప్పుకుంటారు. ఆ పేరు దీనికి తగిలించి కసి తీర్చుకున్నారు.

నా ఉద్యోగాన్ని అమ్మకపు తోడు అంటారు. ఆదివాసీ సంఘాలవాళ్లు, చిన్న చిన్న మిల్లులవాళ్లు సర్కారుకి సరుకు అమ్ముకోవాలంటే ఈ యంత్రంతో వేగాలి. అది అడిగేదేమిటో వీళ్లకీ, వీళ్లు చెప్పేదేమిటో దానికీ బోధపరచడం నా పని. జీతం ఒకవైపు నుంచి, తిట్లు రెండువైపుల నుంచీ వస్తాయి.

ఇవాళ కొత్త టెండరు వచ్చింది. సముద్రం మీద తేలే ఆస్పత్రిలో రోగుల జావకి ఏడాది పొడుగునా సామబియ్యం కావాలట. బుద్రి అప్ప సంఘంలో పదకొండు మంది ఆడవాళ్లున్నారు, సామలు దంచే మిల్లు ఉంది. ఇదివరకు రెండుసార్లు టెండరు వేసి రెండుసార్లూ పోగొట్టుకున్నారు. మూడోసారి కూడా పోతే చిన్న సంఘాల జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. ఆ తర్వాత కొండ కింద ఉన్న పెద్ద కంపెనీకే అమ్ముకోవాలి, అదీ వాళ్ల సంచుల్లో, వాళ్ల పేరుతో.

"సంచి మీద మన ఊరి పేరు నేకపోతే, మనం పండించినావని ఎవులికి తెలుస్తాది రత్నం?" అంది బుద్రి అప్ప. ఆవిడ వయసు యాభై దాటింది. మిల్లు కోసం పదేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి. ఈసారి తెప్పించి తీరతానని మాటిచ్చేశాను. ముందు మాటివ్వడం, తర్వాత ఆలోచించడం మా వంశంలోనే ఉంది.

నమోదు 115

మాటిచ్చినందుకు శాస్తి జరిగింది.

నాలుగేళ్ల కిందట ఎవరో కల్తీ పిండి అమ్మితే ఆస్పత్రిలో చాలామంది పడకేశారు. అప్పటి నుంచి ముందు ముద్ద అని ఒక నిబంధన వచ్చింది. అమ్మేవాళ్లు ఈ ఏటి పంటని వండి, యంత్రం కన్ను ఎదుట తాము ముందు తినాలి. ఆ తర్వాతే నమూనా తీసుకుంటారు. నాకు ఆ నిబంధన మీద కోపం లేదు. తను తిననిది ఇంకొకరికి పెట్టకూడదు కదా.

"అప్పా, రేపు కుండెక్కించు. షావుకారి ముందు నాలుగు ముద్దలు తినీ," అన్నాను.

బుద్రి అప్ప నన్ను వింతగా చూసింది. "కొత్త అవ్వకుండా తినీమంటావేటి?"

ఇక్కడ కొత్త అంటే పండగ. పండిన కొత్త సామల్ని ముందు ఊరి దేవతకీ పెద్దలకీ పెట్టి, ఆ రోజే ఊరంతా కలిసి తింటారు. అది అయ్యేదాకా ఒక్క గింజ కూడా ఎవరూ నోట్లో వేసుకోరు. కోస్తారు, కుప్ప వేస్తారు, దంచుతారు, తినరు. ఈ సంగతి నాకు తెలుసు. టెండరు సంబరంలో బుర్రకెక్కలేదంతే.

ఈలోగా షావుకారు తన ప్రశ్నలు మొదలుపెట్టేసింది.

"ఈ ఏటి సామలు మీరు తిన్నారా?"

"నేదు బాబూ."

"మీ సంఘంలో ఎవరైనా తిన్నారా?"

"సంఘం కాదు, ఊళ్లోనే ఎవులూ తిన్నేదు," అంది బుద్రి అప్ప, మంచి మార్కులు పడతాయన్న ధీమాతో.

నేను తల పట్టుకున్నాను. ఇన్నేళ్లలో ఈ ప్రశ్నకి లేదని జవాబిచ్చిన అమ్మకందారుని నేను చూడలేదు. తినకపోయినా తిన్నామనేవాళ్లే అందరూ.

"అమ్మేవారు తినని సరుకు కొనబడదు. ముందు ముద్దకి గడువు ఈ నెలాఖరు," అని చెప్పి షావుకారు కన్ను మూసుకుంది.

నమోదు 118

కొత్త ఎప్పుడో చెప్పేవాడు దిసారి. ఈ ఊరి దిసారి కిల్లో గాసి తాత. మంచిరోజులు చూసేది, ముహూర్తాలు పెట్టేది ఆయనే. వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని బుట్ట అల్లడానికి వెదురు చీలుస్తున్నాడు.

"తాతా, కొత్త ఎప్పుడు పెడతావ్?"

"అవుతాది."

"ఎప్పుడవుతాది? నెలాఖరులోపు పెట్టెయ్యవా? నీకు పుణ్యముంటుంది. లేకపోతే బుద్రి అప్ప మిల్లు కంపెనీ పాలైపోతుంది."

ఆయన కత్తి పక్కన పెట్టి నా మొహంలోకి చూశాడు. "నీ సేను ఎలగున్నాది అమ్మీ?"

ఊళ్లో మంటలు లేచాయంటే మీ ఇంట్లో కూరేమిటని అడిగినట్టుంది. నా చేను గురించి చెప్పడానికి నాకే సిగ్గు. సర్కారు కొనుగోలు శాఖవాళ్లు నాకిచ్చిన క్వార్టర్స్ వెనక ఖాళీ స్థలముంది. బుద్రి అప్ప మిగిలిన విత్తనం ఇస్తే జల్లాను, కానీ అప్పటికే ఊరి చేలన్నీ మోకాలెత్తు ఎదిగాయి. సముద్రపోళ్ల సేద్యం అని ఆడవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. మాది చేపలు పట్టే వంశం. విత్తనాన్ని కూడా వల విసిరినట్టే విసిరానట.

"బాగుంది తాతా, పచ్చగా కళకళలాడతంది," అన్నాను గొప్పగా.

"పచ్చగానా," అని నిట్టూర్చి ఆయన మళ్లీ వెదురు అందుకున్నాడు. వయసు మీదపడి మాట ఒక చోట నిలవడం లేదనుకుని వచ్చేశాను.

నమోదు 121

ఒక ఉపాయం తట్టింది. రెండు రోజులు దాన్ని కడుపులో దాచుకోలేక సతమతమై ఇవాళ బుద్రి అప్ప చెవిలో వేశాను.

"గాదిలో విత్తనానికని దాచిన పోయినేటి సామలు కాసిని ఉన్నాయి కదా. అవి వండుకుని తినీ. షావుకారుకి ఉన్నది ఒక్క కన్ను, దానికి ముక్కూ లేదు, నాలుకా లేదు. ఏ ఏటివో దానికెలా తెలుస్తాది?"

అప్ప చేట ఆపింది. "షావుకారికి తెలీదు, నిజవే. మరి కొత్త సామలు తిన్నానని నా నోటితో నానే అనీసినాక, కొత్తనాడు దేవత ముందర ఏ మొకం పెట్టుకుని తింతాను? అనీడవా, తినీడవా, రెండూ ఒకటే."

"మరయితే మీ దేవతనే టెండరు వేసుకోమను!" అని అరిచాను.

అన్న మరుక్షణం నాలుక్కరుచుకున్నాను. ఆవిడ కోప్పడలేదు. ఉడికిన కందదుంప ఆకులో పెట్టి నా ముందుకి తోసింది. ఇన్ని కుప్పలు ఇంటి ముందు పెట్టుకుని, ఊరంతా నెల్లాళ్లుగా దుంపలే తింటున్నారన్న సంగతి అప్పుడు గమనించాను. పిల్లలతో సహా. సిగ్గేసింది. దుంప తిని వచ్చేశాను.

నమోదు 123

ఊరికి దిసారి రోజు పెట్టకపోవడానికి కారణమేమిటో తేల్చుకుందామని బయల్దేరాను. బావి దగ్గర ఆడవాళ్లని అడిగితే అందరి చేలూ పండితేగానీ కొత్త పెట్టరని చెప్పారు. ఒక్క ఇంటి చేను పచ్చిగా ఉన్నా ఊరంతా ఆగాలట.

"అయితే ఎవరిదింకా పండలేదు?" అన్నాను.

ఒకావిడ బిందె సర్దుకుంది. ఒకావిడకి గబుక్కున ఇంట్లో పని గుర్తొచ్చింది. బావి దగ్గర నేనొక్కదాన్నే మిగిలాను.

నాకు ఒళ్లు మండింది. ఎవరో సోమరిపోతు ఆలస్యంగా విత్తి ఊరి నోటి దగ్గర కూడు ఆపితే, వీళ్లంతా వాణ్ణి వెనకేసుకొస్తున్నారు. వాడెవడో పట్టుకుని నాలుగు దులిపేద్దామని వరసగా చేలన్నీ తిరిగాను. వంతలవాళ్లది కోసేశారు. కిల్లోవాళ్లది కుప్ప వేసేశారు. పై వాలులో ముసలి సోనాయిది కూడా కోత అయిపోయింది. దులపడానికి మనిషి దొరక్క, ఎండలో చెమటలు కక్కుకుంటూ, ఇంటికి అడ్డదారిన దిగాను. అడ్డదారి మా క్వార్టర్స్ వెనకనుంచే వస్తుంది.

పచ్చగా, కళకళలాడుతూ ఉంది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా బతుకు. ఇన్నాళ్లూ ఊరు ఆగింది నా కోసం. జానెడు జాగాలో, కోడి కెలికినట్టున్న నా చేను కోసం.

ఇంట్లోకెళ్లి కొడవలి తెచ్చాను. నా చేనే లేకపోతే గొడవే ఉండదు కదా. మొదటి పిడికిలి పట్టుకున్నానో లేదో, బుద్రి అప్ప గట్టు దూకి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. నా వెనకే వస్తోందన్నమాట.

"పాలుపోసుకుంతున్న ఎన్నుని కోస్తావేటి? మతుందా నీకు?"

"నాకెందుకు చెప్పలేదు? ఎవరూ ఎందుకు చెప్పలేదు?" ఏడుపొచ్చేసింది నాకు.

"పండుతున్న సేనుని తొందరపెట్టకూడదు. సేనుగలోళ్లనీ తొందరపెట్టకూడదు. నీ వల్లే ఆగిపోనాదంటే నీకు కూడు సయిస్తాదా?"

"నేనేమన్నా మీ ఊరిదాన్నా అప్పా? జీతానికి వచ్చినదాన్ని. నన్నొదిలేసి మీరు చేసుకుంటే పోయేది కదా."

బుద్రి అప్ప కొడవలి లాక్కుని తన నడుముకి దోపుకుంది. "ఇత్తనం ఇచ్చినప్పుడే ఒగ్గలేదు. ఇప్పుడొగ్గుతామా," అంది. గట్టు మీద కూర్చుని తనివితీరా ఏడ్చాను. ఆవిడ పక్కన కూర్చుని కలుపు పీకుతూ ఉండిపోయింది.

నమోదు 125

పొద్దుట్నుంచి వాన. తాడు మీద నడిచే సరుకు తొట్లు ఆగిపోయాయి, చేసేందుకు పని లేదు. షావుకారు నిబంధనలు మొదట్నుంచీ చదివించుకుంటూ కూర్చున్నాను. అది తన నిబంధనలు తనే గడగడా చదువుతుంటే నేను చుట్ట కాల్చే ముసలమ్మలా ఊఁ కొడుతున్నాను. మధ్యాహ్నానికి ఒకచోట ఊఁ కొట్టడం ఆపేశాను.

"మళ్లీ చదువు," అన్నాను.

"కొనేవారి పక్షపు వ్యక్తి వలన గాని, కొనేవారి స్థలం వలన గాని ఆలస్యం జరిగినచో, ఆ ఆలస్యం అమ్మేవారిపై పడదు. గడువు ఆ మేరకు పొడిగించబడును."

నేను సర్కారు మనిషిని. ఆ జాగా సర్కారుది. గొడుగు కూడా మర్చిపోయి బుద్రి అప్ప ఇంటికి పరుగెత్తాను.

నమోదు 126

విచారణ ఇవాళే జరిగింది. బుద్రి అప్ప, గాసి తాత, నేను కన్ను ఎదుట కూర్చున్నాం. మిల్లు బయట ఊరంతా ఉంది.

జరిగినదంతా చెప్పాను. షావుకారు ఓపిగ్గా విని, నేను భయపడుతున్న చోటికే వచ్చింది.

"నూకరత్నం గారు పనసగొంది మనిషేనా? అయితే ఆమె ఈ సంఘానికి తోడుగా ఉండేందుకు అనర్హురాలు. టెండరు చెల్లదు. కాని పక్షంలో ఆమె చేను కోసం ఊరి పండగ ఆగవలసిన అవసరం కనిపించదు. ఏది నిజం?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అవునన్నా మిల్లు పోతుంది, కాదన్నా పోతుంది. బుద్రి అప్ప చీర కొంగు నలుపుతోంది.

గాసి తాత గొంతు సవరించుకున్నాడు. "మేవు మనుసుల్ని నెక్కెట్టం బాబూ. ఊరి గట్టు నోపల ఇత్తనం పడ్డాదంటే అది ఊరి సేనే. ఏసినోళ్లు ఎవులైతేనేటి? పిట్ట ఏసినా ఆగుతాం. ఈవిడ మీ జీతగత్తె. సేను మాది."

"ఆ స్థలం శాఖదే," అన్నాను నేను. "విత్తింది శాఖ ఉద్యోగిని. ఆలస్యంగా విత్తింది కూడా ఆవిడే. ఇందులో అమ్మేవాళ్ల తప్పు ఇసుమంత లేదు."

షావుకారు కన్ను మా ముగ్గురినీ వరసగా చూసింది. బయట ఎవరి బిడ్డో ఏడిస్తే ఊరంతా ఉష్ మన్నారు.

"ఆలస్యానికి కారణం కొనేవారి పక్షమే. ఆ చేను పండి, పండగ అయ్యేదాకా గడువు పొడిగించడమైనది. కారకురాలైన ఉద్యోగిని పేరు, కారణం, స్థలం శాఖ రికార్డులో నమోదు చేయబడును. రెండేళ్లు ఆమెకి పదోన్నతి ఉండదు."

గాసి తాత తల పంకించాడు. బుద్రి అప్ప నన్ను కావలించుకుని ఉక్కిరిబిక్కిరి చేసింది. గుండెల మీంచి బండ దిగినట్టుంది నాకు. నిజం చెప్పాలంటే జీతగత్తె అన్నమాట దగ్గర కొంచెం చివుక్కుమంది. తాత చెప్పింది ధర్మమే, మమ్మల్ని గట్టెక్కించిందీ ఆ మాటే. అయినా చివుక్కుమంది.

నమోదు 134

నా చేనుకి ఇప్పుడు కలెక్టరుకి ఉన్నంత కాపలా ఉంది. చిలకలు వాలకుండా మంచె కట్టారు. ఆ జాగా ఎంతని, మంచె నీడకే సగం చేను పోయేలా ఉందని నేను మొత్తుకుంటే, మంచె పక్కకి జరిపారు. సంఘంలో ఆడవాళ్లు వంతులేసుకుని వస్తున్నారు. రోజూ పొద్దున్న గాసి తాత ఒక వెన్ను వేళ్ల మధ్య నలిపి, "ఇంకా," అని వెళ్లిపోతాడు. నెలాఖరు వచ్చి వెళ్లిపోయింది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో గడువు దాటిన రోజు నేను హాయిగా నిద్రపోవడం ఇదే మొదలు.

నమోదు 143

తాత ఇవాళ వెన్ను నలిపి, "ఇంకా" అనలేదు.

కోత అరగంటలో అయిపోయింది. కొడవళ్లు పట్టుకుని ఇరవైమంది దిగితే నాకు నిలబడ్డానికి చోటు లేదు. నవ్విన నాపచేనే పండుతుందని నేను బడాయి పోతే, "పండినాది గానీ రెండు కుంచాలు," అని బుద్రి అప్ప గాలి తీసేసింది.

నమోదు 145

కొత్త.

ఊరి సామలన్నీ తలా దోసెడు కలిపి పెద్ద కుండలో వండారు. నావి కూడా అందులో పడ్డాయి. మిల్లు గోడ మీంచి షావుకారు పెట్టె విప్పి, తాడుతో కట్టి, దేవత గుడి ముందున్న చింతకొమ్మకి వేలాడదీశాను. గాలికి ఊగుతుంటే మనుషులందరూ ఊగుతున్నట్టు కనిపిస్తోందని అది రెండుసార్లు ఫిర్యాదు చేసింది.

తాత ముందు దేవతకి పెట్టాడు. తర్వాత ఆకుల్లో పెద్దలకి పెట్టాడు. బుద్రి అప్ప చెయ్యి కడుక్కుని ముద్ద తీసుకోబోతుంటే షావుకారు అందుకుంది.

"ఆగండి. అమ్మేవారి కంటే ముందు ఎవరైనా తిన్నారా?"

"దేవత తిన్నాది," అన్నాడు తాత.

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"దేవత కొనేవారి జాబితాలో లేదు. అమ్మేవారి జాబితాలోనూ లేదు," అంది షావుకారు. "అభ్యంతరం లేదు. కానివ్వండి."

బుద్రి అప్ప తింది. నమలడం కూడా మెల్లగా, కళ్లు మూసుకుని నమిలింది. నెలన్నర పైగా కుప్ప పక్కన పడుకుని దుంపలు తిన్న మనిషి. "ముందు ముద్ద చూశాను," అని షావుకారు అనగానే డప్పులు మోగాయి. తర్వాత ఎవరు ఎవరికి వడ్డించారో నాకు తెలియదు. నా ఆకులో మూడుసార్లు పడింది. అంత రుచిగా ఏదైనా తిన్నట్టు నాకు గుర్తు లేదు.

నమోదు 151

టెండరు పనసగొందికే వచ్చింది. బుద్రి అప్ప ఆ ముక్క షావుకారు చేత నాలుగుసార్లు చెప్పించుకుంది. ఐదోసారికి అది, "ఇంతకుముందే తెలియజేశాను," అంటే, "అయితేనేటి, సెప్పు," అంది. చెప్పింది పాపం.

మధ్యాహ్నం మొదటి తొట్టి తాడు మీద కిందికి బయల్దేరింది. ప్రతి సంచి మీదా ఊరి పేరుంది. అది మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా పదకొండు మందీ అక్కడే నిలబడ్డారు. ఇంటికి పొమ్మన్నా ఎవరూ కదల్లేదు.

అప్పుడే మా పై అధికారి మాధురి మేడం ఫోను చేసింది. మంచి మనిషి, నామీద అభిమానముంది.

"నీ రికార్డు చూశాను నూకరత్నం. 'కారణం, ఉద్యోగిని చేను పండకపోవడం. స్థలం, పనసగొంది.' ఏమిటీ విడ్డూరం? ఒక అర్జీ పెట్టు, వారంలో తీయించేస్తాను. పదోన్నతి ఎందుకు పోగొట్టుకుంటావ్?"

మా ఊరు సముద్రంలో కలిసిపోయినప్పటి నుంచీ నా కాగితాలన్నిటిలో ఊరు అన్నచోట ఒక్కటే మాట ఉంటుంది, మునక అని. బడి కాగితమైనా అంతే, ఉద్యోగం కాగితమైనా అంతే. చూసీ చూసీ అలవాటైపోయింది, బాధ కూడా ఎప్పుడో మానేశాననుకున్నాను.

"ఒద్దు మేడం. దాన్నలాగే ఉండనివ్వండి," అన్నాను. ఆవిడ రెండుసార్లు అడిగి, నాకు పిచ్చిపట్టిందనుకుని ఫోను పెట్టేసింది.

బుద్రి అప్ప దగ్గరికొచ్చి నా మొహం చూసింది. "ఏటంతాది మీ మేడం? ఎందుకా కళ్లనీల్లు?"

"ఏం లేదప్పా. నా పేరు పక్కనుంచి ఈ ఊరి పేరు తీసేస్తానంటోంది. ఒద్దన్నాను."